దారపు పగడాలు, దిక్కులేని వలలు

ఊలుతో పగడాల దిబ్బను అల్లాలన్న ఆలోచన 2005లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక మామూలు ఇంట్లో పుట్టింది. ఆ ఇంటివాళ్ళు మార్గరెట్ వర్థైమ్, క్రిస్టీన్ వర్థైమ్ అనే కవల అక్కచెల్లెళ్ళు. మార్గరెట్ సైన్స్ రచయిత్రి, క్రిస్టీన్ ఆర్ట్ కాలేజీలో అధ్యాపకురాలు. ఇద్దరిదీ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్. గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పెద్ద పగడాల దిబ్బల వరస ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి అదే రాజధాని. అప్పటికే ఆ రీఫ్‌లో పగడాలు రెండుసార్లు, 1998లోనూ 2002లోనూ, పెద్దఎత్తున తెల్లబడ్డాయి. క్రోషియా సూది, ఊలు ఉండలు పట్టుకుని మొదలుపెట్టిన ఆ పని ‘క్రోషే కోరల్ రీఫ్’ అన్న పేరుతో షికాగో, లండన్ గ్యాలరీలకు వెళ్ళింది. 2010లో వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి, 2019లో వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనకు చేరింది. 2022లో జర్మనీలోని బాడెన్-బాడెన్‌లో జరిగిన ప్రదర్శన కోసం దాదాపు 4,000 మంది కలిసి 40,000కు పైగా పగడాలు అల్లి పంపారు.

ఇలాంటి ప్రదర్శన ఎక్కడ జరిగినా పత్రికలు దానికి ‘సముద్రాన్ని కాపాడే కళ’ అని పేరు పెట్టేస్తాయి. చదవడానికి బాగానే ఉంటుంది. నిజంగా కాపాడుతుందా? ఏ మేరకు? నూలు, ఊలు, వలతాడు పట్టుకుని సముద్రం గురించి పనిచేసే కళాకారులు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నారు కాబట్టి, ఈ ప్రశ్నను కాస్త నిలబెట్టి చూడాల్సిందే. అందుకు ఆస్ట్రేలియా ఉత్తర, తూర్పు తీరాలకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అక్కడ ఊలు పగడాలూ ఉన్నాయి, వలతాడు తాబేళ్ళూ ఉన్నాయి, అర్ధ శతాబ్దం నాటి చట్టమూ ఉంది.

ముందు అల్లిక సంగతి. వర్థైమ్ సోదరీమణుల పగడాల వెనక ఒక గట్టి లెక్క ఉంది. బల్లపరుపుగా ఉన్న తలం మీద ఒక గీత గీసి, దానికి బయట ఒక చుక్క పెడితే, ఆ చుక్క గుండా మొదటి గీతకు సమాంతరంగా ఒక్క గీతే గీయగలం. బళ్ళో నేర్చుకున్న రేఖాగణితం ఇదే. 19వ శతాబ్దం మొదటి భాగంలో ఇద్దరు గణితవేత్తలు, హంగరీలో బోల్యాయ్, రష్యాలో లొబచేవ్‌స్కీ విడివిడిగా ఇంకో రకం తలాన్ని ఊహించారు. అందులో అలాంటి గీతలు లెక్కలేనన్ని గీయవచ్చు. త్రిభుజంలోని మూడు కోణాలు కలిపినా 180 డిగ్రీలకు చాలవు. దాన్నే హైపర్‌బోలిక్ తలం అంటారు. లెక్కల్లో అది చక్కగా కుదిరింది కానీ, చేత్తో పట్టుకుని చూపించడం మాత్రం చాలా కష్టమైంది. 1970లలో అమెరికా గణితవేత్త విలియం థర్‌స్టన్ కాగితపు పట్టీలు అతికించి ఒక మోడల్ చేయడం నేర్పాడు. క్లాసులో నాలుగు చేతులు మారేసరికి అది చిరిగిపోయేది.

లాత్వియా నుంచి అమెరికా వచ్చి కార్నెల్ యూనివర్సిటీలో చేరిన గణితవేత్త డైనా టైమినా 1997లో దాన్ని క్రోషియాతో అల్లి చూపించారు. సూత్రం చాలా తేలిక. వరస అల్లుతూ ప్రతి ఐదు కుట్లకూ ఒక కుట్టు అదనంగా వేయాలి. తర్వాతి వరసలోనూ అంతే, ఆ తర్వాతా అంతే. 20 కుట్లతో మొదలుపెడితే పదో వరస దాటేసరికి దాదాపు 124 కుట్లవుతాయి. ఇరవయ్యో వరసకు 760 దాటిపోతాయి. అంచు అంత వేగంగా పెరుగుతుంటే లోపలి భాగంలో దానికి చోటు చాలదు. అందుకే అంచు ముడతలు పడుతుంది, పైకీ కిందికీ వంకరలు తిరుగుతుంది. పెరట్లో పూసే కోడిజుట్టు పువ్వు అంచు మెలికలు పడేదీ ఇందుకే.

లేసు అల్లే చేతులకు ఈ సంగతి కొత్త కాదు. గుండ్రటి బల్లగుడ్డ అల్లేటప్పుడు ఒక్కో చుట్టుకు సరిగ్గా ఎన్ని కుట్లు పెంచాలో తెలియకపోతే పని చెడిపోతుంది. తక్కువ పెంచితే గిన్నెలా ముడుచుకుంటుంది. సరిపడా పెంచితే చదునుగా పరుచుకుంటుంది. ఎక్కువైతే అంచు ఎగుడుదిగుడై కూర్చుంటుంది. ఆ మూడోదాన్ని తరతరాలుగా తప్పు అని విప్పేశారు. ఆ తప్పులోనే రెండు శతాబ్దాల నాటి గణితం ఉందని గుర్తించడం టైమినా గొప్పతనం. అదే ఆకారం పగడాల్లో, సముద్రపు నాచులో, కొన్ని సముద్రపు నత్తల అంచుల్లో ఉందని చూపించడం వర్థైమ్‌ల గొప్పతనం. పగడానికి ఆ ముడతలు అలంకారం కోసం కాదు. ఉన్న కొద్దిపాటి చోటులో ఎక్కువ ఉపరితలం దొరికితే ఎక్కువ వెలుగు తగులుతుంది, నీళ్ళలో కొట్టుకొచ్చే ఆహారం ఎక్కువ చిక్కుతుంది.

అయితే లెక్క ప్రకారం కచ్చితంగా అల్లితే వచ్చేది లెక్కల మోడలే తప్ప పగడంలా కనబడదు. అక్కచెల్లెళ్ళు ఈ విషయం త్వరగానే కనిపెట్టారు. ఐదు కుట్లకొకటి పెంచుతున్న వరసలో ఉన్నట్టుండి మూడింటికొకటి పెంచితే, ఒకచోట ఊలు మార్చితే, ఒక కొమ్మ దగ్గర ఆగి ఇంకో కొమ్మ మొదలుపెడితే అప్పుడది బతికినదానిలా కనబడడం మొదలైంది. అల్లేవాళ్ళ చెయ్యి అక్కడక్కడా తప్పడమే ఆ పగడాలకు ప్రాణం పోసింది. మిషన్ మీద అల్లితే ఇది రాదు. క్రోషియాను చేత్తో అల్లినట్టు అల్లే మిషను ఇప్పటికీ మార్కెట్లో లేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

అసలు పగడపు దిబ్బ కట్టేదీ ఇలాగే. ఒక్కో పాలిప్ చాలా చిన్న జీవి. తన చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటుంది. దాని పక్కన ఇంకొకటి. తరాలు గడిచేకొద్దీ పాత గూళ్ళ మీద కొత్త గూళ్ళు లేచి దిబ్బ పెరుగుతుంది. పాలిప్ ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు (కంటికి కనబడనంత చిన్న నాచు) ఎండను పట్టి తిండి తయారుచేసి పెడతాయి. పగడానికి కావలసిన శక్తిలో చాలా భాగం వాటి నుంచే వస్తుంది, రంగు కూడా చాలావరకు వాటిదే. వేసవిలో ఉండే గరిష్ఠ ఉష్ణోగ్రత కన్నా నీళ్ళు ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి, ఆ వేడి కొన్ని వారాలు నిలిస్తే చాలు, పగడం ఆ శైవలాలను బయటికి నెట్టేస్తుంది. రంగు పోయి కింది సున్నం తెల్లగా బయటపడుతుంది. అప్పుడు అది చచ్చిపోయినట్టు కాదు, పస్తులున్నట్టు. నీళ్ళు వెంటనే చల్లబడితే కోలుకుంటుంది. లేకపోతే చస్తుంది.

గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో ఇలా పెద్దఎత్తున తెల్లబడడం 2016 నుంచి మరీ ఎక్కువైంది. 2016, 2017, 2020, 2022, 2024, 2025. ఒక్క 2016లోనే తొమ్మిది నెలల వ్యవధిలో రీఫ్ మొత్తం మీద దాదాపు 30 శాతం పగడాలు చనిపోయాయని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్‌లో అధికారికంగా ప్రకటించారు. 2023 జనవరి నుంచి 2025 మార్చి మధ్య ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో 84 శాతం విస్తీర్ణం తెల్లబడేంత వేడికి గురైంది. మన దగ్గర లక్షద్వీప్ పగడాలకూ 2024లో అదే గతి పట్టింది.

వర్థైమ్‌ల ప్రదర్శనలో ఈ దశకు అద్దం పట్టే భాగం వేరేగా ఉంటుంది. రంగురంగుల దిబ్బ పక్కనే తెలుపు, గోధుమవన్నె దారాలతో అల్లిన దిబ్బ. ఇంకోపక్క ‘టాక్సిక్ రీఫ్’. ప్లాస్టిక్ సంచులను సన్నటి పట్టీలుగా కోసి దారంలా చుట్టి, వీడియో టేపులు కలిపి అల్లింది. ఇవి కాక అక్కచెల్లెళ్ళు నాలుగేళ్ళపాటు తమ ఇంట్లో వాడి పారేయాల్సిన ప్లాస్టిక్‌నంతా పారేయకుండా దాచి, ఆ గుట్టను కూడా ప్రదర్శనకు పెట్టారు. నలుగురు చూసేచోట సొంత చెత్త పెట్టుకోవడానికి ధైర్యం కావాలి. ప్రదర్శన మొత్తంలో ఉపదేశం లేనిది, సూటిగా తగిలేది అదే అనిపిస్తుంది.

ఇంతకీ రీఫ్‌ను ఇప్పటిదాకా కాపాడిందెవరు? దీనికి జవాబు 2005కు చాలా వెనక ఉంది. 1967లో క్వీన్స్‌లాండ్‌లో ఒక చెరకు రైతు ఎలిసన్ రీఫ్ అనే దిబ్బ నుంచి సున్నం తవ్వుకుని ఎరువుగా వాడడానికి అనుమతి కోరాడు. అది ఎలాగూ చచ్చిపోయిన పగడమే కదా అన్నది అతని వాదన. బింగిల్ బేలో ఉండే జాన్ బ్యూస్ట్ అనే చిత్రకారుడు అభ్యంతరం వేశాడు. కవయిత్రి జూడిత్ రైట్ నాయకత్వంలోని వన్యప్రాణి సంరక్షణ సంఘం తోడైంది. స్వచ్ఛందంగా వచ్చిన యువ ఈతగాళ్ళు నీళ్ళలోకి దిగి, చచ్చిందనుకున్న ఆ దిబ్బ మీద ఏమేం బతుకుతున్నాయో జాబితా రాసి విచారణ ముందు పెట్టారు. అనుమతి రాలేదు. తర్వాత చమురు తవ్వకాల గొడవ వచ్చింది. 1970లో కార్మిక సంఘాలు రీఫ్‌లో డ్రిల్లింగ్ పనికి తమ వాళ్ళెవరూ చెయ్యి వెయ్యరని తేల్చి చెప్పాయి. ఆ తర్వాతే 1975లో మెరైన్ పార్క్ చట్టం, 1981లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చాయి. ఆ పార్కు విస్తీర్ణం 3,44,400 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా అంతకు తక్కువే. 2004లో అందులో చేపలు పట్టకూడని భాగాన్ని 5 శాతం లోపు నుంచి 33 శాతానికి పెంచారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ పోరాటంలో ముందు నిలబడ్డవాళ్ళలో ఒకరు చిత్రకారుడు, ఒకరు కవయిత్రి. కానీ రీఫ్‌ను కాపాడింది వాళ్ళ బొమ్మలూ పద్యాలూ కాదు. అభ్యంతర పత్రాలు, ఈతగాళ్ళ జాబితా, కార్మికుల మొండితనం, పార్లమెంటులో చట్టం. కళాకారులు పౌరులుగా చేసిన పని అది. కళ వల్ల వాళ్ళకు చూసే కన్ను, చెప్పే నోరు వచ్చి ఉండవచ్చు. అంతవరకే.

ఆ చట్టానికి కూడా ఒక హద్దుంది. తవ్వకాన్ని ఆపగలదు, వలను ఆపగలదు, ఓడల దారి మార్చగలదు. వేడి నీళ్ళను ఆపలేదు. సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఊలు పగడాలు రంగంలోకి వచ్చాయి. వాటికి అంతమంది కదిలిరావడానికి ఇదొక కారణం కావచ్చు. ఎవరి మీద కేసు వేయాలో తెలియని నష్టం ఎదురైనప్పుడు, జనం చేతికి ఏదో ఒక పని కోరుకుంటారు. దాన్ని తీసిపారేయనక్కర్లేదు. అలాగని అల్లికను సంరక్షణ అనీ అననక్కర్లేదు. ఆరు నెలలు కూర్చుని పగడం ఎలా పెరుగుతుందో కుట్టు కుట్టుకూ తెలుసుకున్న మనిషికి, అది రెండు నెలల వేడికి పోతుందన్న వార్త మిగతావాళ్ళకన్నా గట్టిగా తగులుతుంది. అల్లిక ఇవ్వగలిగింది ఈ ఎరుకే. ప్రదర్శన చూసి ఫోటో దిగి వెళ్ళేవాళ్ళకు అందులో పదో వంతు కూడా అందుతుందని నమ్మలేం. లాభం అల్లినవాళ్ళకు ఎక్కువ, చూసినవాళ్ళకు తక్కువ.

దారం ఏమిటన్న ప్రశ్న కూడా ఉంది. చౌకగా, రకరకాల రంగుల్లో దొరికే ఊలులో ఎక్కువ భాగం అక్రిలిక్, అంటే ప్లాస్టిక్కే. సముద్రంలోకి నేరుగా చేరే సూక్ష్మ ప్లాస్టిక్‌లో దాదాపు 35 శాతం సింథటిక్ బట్టల ఉతుకు నుంచే వస్తుందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2017లో అంచనా వేసింది. మ్యూజియంలో పెట్టిన పగడాన్ని ఎవరూ ఉతకరు, నిజమే. అయినా పెట్రోలియం దారంతో పెట్రోలియం మీద నిరసన అల్లడంలో ఒక ఇబ్బంది ఉంది. టాక్సిక్ రీఫ్ దాన్ని దాచకుండా ఒప్పుకుంటుంది. దాని తర్వాత వచ్చిన అనుకరణలు చాలావరకు ఒప్పుకోవు. పర్యావరణం పేరుతో కొత్త అక్రిలిక్ ఉండలు కొని, అల్లి, వారం ప్రదర్శించి అటక మీద పడేసే పని చూస్తే విసుగొస్తుంది. పోర్చుగల్ కళాకారిణి వనెస్సా బరగావ్ వంటి కొందరు మిల్లుల్లో మిగిలిపోయిన నూలుతో పగడాల తివాచీలు చేస్తున్నారు. అది కొంత నయం.

పదార్థం విషయంలో మరింత నిజాయితీగా ఉన్న పని ఆస్ట్రేలియాలోనే ఇంకా ఉత్తరాన జరుగుతోంది. కార్పెంటేరియా అఖాతం మూడువైపులా నేల ఉన్న పెద్ద సముద్రపు జేబు. పైన అరఫురా సముద్రం. అక్కడి ఆగ్నేయాసియా చేపల బోట్ల నుంచి తెగిపోయిన, పారేసిన వలలు ప్రవాహాలకు ఈ అఖాతంలోకి కొట్టుకొస్తాయి. వాటిని ఘోస్ట్ నెట్లు అంటారు. దిక్కులేని వలలు అనవచ్చు. నైలాన్, పాలీఇథిలీన్ తాళ్ళు కుళ్ళవు. యజమాని లేకపోయినా వల పని వల చేస్తూనే ఉంటుంది. చేప పడుతుంది, దాన్ని తినొచ్చిన తాబేలు పడుతుంది, ఆ కళేబరానికి సొరచేప వస్తుంది. శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతంలో దొరికిన 8,690 వలలను లెక్కలోకి తీసుకుని, అవి 4,866 నుంచి 14,600 తాబేళ్ళ దాకా పట్టి ఉంటాయని 2014లో అంచనా కట్టారు. అంచనాలో అంత తేడా ఎందుకంటే, వలలో చిక్కి కుళ్ళి రాలిపోయిన తాబేళ్ళకు లెక్క దొరకదు. చిక్కేవాటిలో ఎక్కువగా కనిపించేది ఆలివ్ రిడ్లే. కాకినాడ, శ్రీకాకుళం ఒడ్డున గుడ్లు పెట్టే జాతి అదే.

2004లో మొదలైన ఘోస్ట్‌నెట్స్ ఆస్ట్రేలియా కార్యక్రమంలో అక్కడి ఆదివాసీ రేంజర్లు ఈ వలలను ఒడ్డు నుంచి లాగి పోగుచేయడం మొదలుపెట్టారు. టన్నులకొద్దీ తేలిన వలను ఏం చేయాలి? రోడ్లు సరిగా లేని మారుమూల తీరం నుంచి వేల కిలోమీటర్ల దూరంలోని రీసైక్లింగ్ ఫ్యాక్టరీకి పంపడం గిట్టదు. పూడ్చడమో కాల్చడమో చేసేవారు. దానికి దొరికిన ఒక చిన్న దారి అల్లిక. పాండనస్ (మొగలి జాతి) ఆకులతో బుట్టలు, చాపలు అల్లడం ఆ తీరపు ఆడవాళ్ళకు తరతరాల విద్య. 2009 ప్రాంతం నుంచి వర్క్‌షాపులు పెట్టారు. ఆకు బదులు వలతాడు వచ్చింది.

ఈ పని పూర్తి రూపం తీసుకున్న చోటు ఆస్ట్రేలియాకూ న్యూగినీకీ మధ్య ఉన్న టోరెస్ జలసంధిలోని ఎరుబ్ అనే చిన్న దీవి. కొన్ని వందల జనాభా. అక్కడి కళాకారులు తీగతో చట్రం కట్టి, దాని మీద విప్పిన తాళ్ళు చుట్టి, కుట్టి తాబేళ్ళు, స్క్విడ్‌లు, జెల్లీచేపలు, పగడాలు, మనిషి పట్టేంత పడవలు కూడా చేస్తారు. రంగు వేయరు. బోటు వెనక ఈడ్చే పచ్చ ట్రాల్ వల, నీలి తాడు, నారింజ రంగు దారం, ఎండకు వెలిసిపోయిన బూడిద రంగు, ఏది ఎలా కొట్టుకొస్తే అదే రంగు. 2016లో మొనాకో సముద్ర మ్యూజియంలో ఆస్ట్రేలియా ఆదివాసీ, దీవుల కళకు జరిగిన పెద్ద ప్రదర్శనకు ఇవి వెళ్ళాయి. ఏ వల తాబేలును చంపిందో ఆ వలతోనే చేసిన తాబేలు ముందు నిలబడితే, పక్కన రాసిపెట్టిన వివరణ అవసరం చాలా తగ్గిపోతుంది. ఊలు పగడానికి ఈ బలం లేదు.

ఆ నీళ్ళు మనుషులు లేని నీళ్ళు కావన్నది కూడా ఎరుబ్ పని గుర్తు చేస్తుంది. బయటివాళ్ళకు అది పాడుకాని ప్రకృతి. దీవుల వాళ్ళకు అది వంశాల వారీగా హద్దులు తెలిసిన సొంత జాగా. పక్కనున్న మెర్ దీవి వాసి ఎడ్డీ మాబో పేరు మీద నడిచిన కేసులోనే 1992లో ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) మొదటిసారి ఆదివాసుల భూమి హక్కును గుర్తించింది. 2013లో టోరెస్ జలసంధి వాసులకు తమ సముద్రంలో దొరికేదాన్ని అమ్ముకునే హక్కు కూడా ఉందని అదే కోర్టు చెప్పింది. సంరక్షణ అంటే అక్కడ కంచె వేయడం కాదు, హక్కుదారు చేతికి తాళం ఇవ్వడం. వలతాడు తాబేలును ఆ వాదనలో భాగంగానే చూడాలి. ఎవరో దూరపు బోటువాళ్ళు వదిలేసిన చెత్త మా ఇంట్లోకి వచ్చింది అని చెబుతుందది.

ఇక తెలుగువాళ్ళకు దగ్గరి సంగతి. క్రోషియాతో అంతమంది ఆడవాళ్ళు కలిసి ఒకే పెద్ద పని చేయడం అనగానే యూరప్, అమెరికా పత్రికలు ఆశ్చర్యపోతాయి. నరసాపురం వాళ్ళకు అందులో ఆశ్చర్యం ఏముంటుంది? 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి డెల్టాకు వచ్చిన లేసు అల్లిక నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో వేల ఇళ్ళకు పాకింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఇక్కడికి వచ్చి చేసిన అధ్యయనం 1982లో అచ్చయింది. అప్పటికే ఈ పనిలో లక్షమంది దాకా ఆడవాళ్ళు ఉన్నారని అంచనా. ఒకరు పువ్వులు అల్లుతారు. వాటిని కలిపి బల్లగుడ్డగానో దుప్పటిగానో చేసే అతుకుపని ఇంకొకరిది. దారం ఏజెంటు ఇస్తాడు, అల్లింది ఏజెంటు పట్టుకెళతాడు, ఎగుమతి ఇంకొకరు చేస్తారు. గడప దాటని ఆడవాళ్ళు తీరిక వేళ చేసే పని అని పేరు పెట్టడంతో కూలి ఏనాడూ కూలిలా లెక్కకు రాలేదని మీస్ చూపించింది. 2024లో నరసాపురం లేసుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఊరి పేరుకు వచ్చింది కానీ, ఏ ముక్క ఎవరు అల్లారో ఇప్పటికీ ఎవరూ రాయరు.

ఊలు రీఫ్‌నీ దీన్నీ పక్కపక్కన పెడితే పని పద్ధతి ఒకటే. బాడెన్-బాడెన్‌కు వేలమంది పంపిన ముక్కలను దిబ్బలుగా కూర్చింది కొద్దిమంది, అంటే అతుకుపని చేసింది వాళ్ళు. పేరు ఎక్కువగా వచ్చిందీ వాళ్ళకే. అల్లినవాళ్ళ పేర్లన్నీ గోడ మీద రాయించడం వర్థైమ్‌ల మంచి అలవాటు. డబ్బు విషయంలో మాత్రం అల్లినవాళ్ళంతా ఉచితంగా పనిచేసినవాళ్ళే. ఎరుబ్‌లో ఇలా కాదు. దీవి ఆర్ట్ సెంటర్ ద్వారా పని అమ్ముడుపోతుంది, డబ్బు కళాకారులకు వస్తుంది. సముద్రం గురించి మాట్లాడే అల్లికలో ఎవరికి ఏం దక్కిందన్న ప్రశ్న పక్కకు పోకూడదు. చేపలు పట్టే ఊళ్ళలోనూ లేసు ఊళ్ళలోనూ నష్టం ముందు తగిలేది చేత్తో పనిచేసేవాళ్ళకే.

తెలుగు తీరంలో పగడపు దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు, మంచినీళ్ళు పగడాలకు పడవు. వాటికి ఎండ దూరే తేట ఉప్పునీళ్ళు కావాలి. కాబట్టి ఊలు పగడాల ప్రదర్శన ఒకటి విశాఖ బీచ్ రోడ్డులో పెడితే, అది టీవీలో చూసిన సముద్రం గురించే తప్ప ఎదురుగా ఉన్న సముద్రం గురించి అవదు. ఎదురుగా ఉన్నది వేరు. ఏటా శీతాకాలం చివర్లో చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళున్నాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంది. కానీ తాబేళ్ళు ఒడ్డుకు దగ్గరగా తిరిగే నెలల్లో ఎక్కువ భాగం దానికి ముందే గడిచిపోతుంది. నైలాన్ రాకముందు జనుము, నూలు వలలు సముద్రంలో పోయినా కొన్నాళ్ళకు కుళ్ళి తెగిపోయేవి. ఇప్పుడు పోయిన వల పోదు. ఒడ్డున పాతబడ్డ వల మాత్రం బీరపాదుకు పందిరి, పెరటికి కంచె, కోళ్ళగూటికి తలుపు అవుతుంది. దాన్ని ఎవరూ కళ అనరు కానీ, ఎరుబ్ వాళ్ళ పనిలోనూ ఉన్నది ఇలాంటి పొదుపే.

వల విషయంలో చేతిపని తెలిసినవాళ్ళకు ఇంకో విలువ ఉంది. కార్పెంటేరియాలో దొరికిన వల ఎక్కడిదో తేల్చడానికి రేంజర్లు చూసింది వల కన్ను ఎంత పెద్దది, తాడు మందం, ఎన్ని పేటలు పేనారు, ముడి ఎలా వేశారు, రంగేమిటి అన్నవే. ఇందుకోసం 2002లోనే అక్కడ ఒక గుర్తింపు పుస్తకం తయారుచేసుకున్నారు. అందులోని వివరాలు వల అల్లేవాళ్ళకు పుస్తకం అవసరం లేకుండానే తెలుస్తాయి. మన తీరంలో వల కట్టే పెద్దవాళ్ళు కూడా ముడిని చూసి ఇది ఏ ఊరి వల, ఏ చేపకు కట్టింది అని చెప్పగలరు. ఎవరి వలో తెలిసేలా ప్రతి వలకూ గుర్తు ఉండాలని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సభ్య దేశాలు 2018లో మార్గదర్శకాలు ఒప్పుకున్నాయి. అవి స్వచ్ఛందమే, తప్పనిసరి కాదు. అవి అమలయ్యేదాకా తాడునూ ముడినీ చదవగలిగిన ఇలాంటి చేతులే ఆధారం. వలతాడుతో చేసిన తాబేలును మ్యూజియంలో పెట్టినప్పుడు, కింద కళాకారుడి పేరు, సంవత్సరం, ‘దొరికిన వల’ అన్న రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు. కన్ను ఎన్ని అంగుళాలు, తాడు ఎన్ని పేటలు, ఏ ఒడ్డున ఏ నెలలో దొరికింది, ఏ రకం బోట్లు అలాంటి వల వాడతాయి అన్నది కూడా అదే చీటీ మీద రాయడానికి ఇంకో నాలుగు వరసలు చాలు.